ఎడమ కాలికి సరిపోయే బండి

మా ఆయన ఎడమ మోకాలు ఇక పూర్తిగా వంగదని హైదరాబాదు దవాఖానలో చెప్పిన రోజు నేను అడిగింది, "నడుస్తాడా సార్?" అని. ఆయన మంచం మీద నుంచి అడిగింది, "క్లచ్ తొక్కుడు అయితదా?" అని. డాక్టరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నా ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు.

అప్పటికి ఆయన పన్నెండేళ్లుగా లారీ నడుపుతున్నాడు. హైదరాబాదు, బెజవాడల మధ్య రోడ్డంతా ఆయనకు కొట్టిన పిండి. నేను సూర్యాపేటలో ప్రాథమిక పాఠశాల టీచర్ని. మాకు ఇద్దరు ఆడపిల్లలు. కోదాడ దాటాక ఒక దిగుడులో బ్రేకు పడక, ఎదురుగా వస్తున్న ఎడ్లబండిని తప్పించబోయి, ఆయన లారీని రోడ్డు కిందికి దించేశాడు. బండిలో వాళ్లు బతికారు. లారీ పక్కకు ఒరిగి ఈయన కాలు డ్యాష్‌బోర్డు కింద ఇరుక్కుపోయింది. బ్రేకులు బాగా లేవని ఆయన ఓనరుకు అంతకు ముందే మూడుసార్లు చెప్పాడు. వచ్చే ట్రిప్పుకు చేయిద్దాం, ఆ పై ట్రిప్పుకు చేయిద్దాం అంటూ ఆ ఓనరు జరుపుకుంటూ వచ్చాడు. ఆయన దవాఖానలో ఉండగానే ఆ లారీకి కొత్త డ్రైవరు కూడా కుదిరాడు.

ఇదంతా డెబ్బైల మొదట్లో మాట. కట్టు విప్పాక ఆయన ఏడు నెలలు ఇంట్లోనే ఉన్నాడు. మా ఇల్లు బెజవాడ రోడ్డుకు దగ్గర. పొద్దున నేను పిల్లలను తీసుకుని బడికి పోయేటప్పుడు అరుగు మీద కూర్చుని ఉండేవాడు, సాయంత్రం వచ్చేసరికి అక్కడే ఉండేవాడు. రోడ్డు మీద లారీల చప్పుడు వింటూ, "మూడో గేర్ నుంచి రెండుకు లేటుగ దించిండు," అనో, "వానికి సైలెన్సర్ పలిగింది," అనో తనలో తాను అనుకునేవాడు. ఇరుగుపొరుగు పలకరిస్తే మాట్లాడేవాడు కాదు. ఆ మౌనం నాకు భయంగా ఉండేది. ఆయన మళ్లీ స్టీరింగు పట్టుకుంటాడేమోనన్న ఆలోచన అంతకంటే భయంగా ఉండేది. రెండు భయాల్లో ఏది పెద్దదో తేల్చుకోలేకుండానే ఆ నెలలన్నీ గడిచాయి.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి వంట చేస్తుంటే గుమ్మంలో నిలబడి చెప్పాడు.

"నేనొక చిన్న బండి కొందామనుకుంటున్న."

నేను వెనక్కి తిరగలేదు. పప్పు కలుపుతూనే ఉన్నాను.

"పికప్ బండి. ముంగట క్యాబిన్, ఎనక ఓపెన్ బాడీ. లారీ అంత పెద్దది కాదు, జీపంత చిన్నది కాదు. ఆత్మకూర్ల, తుంగతుర్తిల రైతుల కాడ నాలుగు బస్తాల మిరపకాయలుంటయ్, పది గంపల వంకాయలుంటయ్. నాలుగు బస్తాలకు లారీ పోదు. ఎడ్లబండి మీద తెస్తే మార్కెట్ అయిపోయినంక వస్తరు. అసొంటోళ్లకు కిరాయికి తిప్పుకుంట."

ఆయన చాలా రోజులుగా లోపల కూడబెట్టుకున్న మాటలని తెలిసిపోయింది. కాదనడానికి నా దగ్గర ఉన్నది భయం ఒక్కటే. అది ఆయనకు చెప్పలేకపోయాను. "మీ ఇష్టం. కాని నేను సూడకుండా ఏ బండీ కొనొద్దు," అన్నాను.

నవ్వాడు. ఏడు నెలల తర్వాత నవ్వడం అది. "నువ్వు సూసి ఏం జేస్తవ్ టీచరమ్మా?"

"నేర్పియ్యిండ్రి. సూస్త."

ఆ పూట అన్నాలయ్యాక రెండు సత్తు పళ్లాలు తెచ్చి ముందు పెట్టుకున్నాడు. "ఒకటి ఇంజన్ తిప్పుతది. ఇంకొకటి చక్రాలను తిప్పుతది. రెండూ అంటుకోని ఉంటేనే బండి నడుస్తది. క్లచ్ తొక్కితే రెండూ విడిపోతయ్. అప్పుడు గేర్ మార్చాలె. మెల్లగ కాలు తీస్తే మళ్ల కలుస్తయ్." పళ్లాలు దగ్గరికి, దూరంగా జరుపుతూ చూపించాడు. మా చిన్నది వాటితో ఆడుకోవడానికి వచ్చింది. నేను ఆ పళ్లాలను కాదు, ఆయన ఎడమ కాలిని చూస్తున్నాను. ఒక్కో గేరుకు ఒక్కోసారి. సూర్యాపేట నుంచి తిరుమలగిరికి పోయి రావాలంటే ఎన్ని వందలసార్లు?

కొత్త బండి మాట ఎత్తే తాహతు మాకు లేదు. నా ప్రావిడెంట్ ఫండు మీద వచ్చే అప్పుతో పాత బండి దొరికితే చాలు. పాత బండి అనగానే నాకు ఆ ఓనరు మాటే చెవిలో మోగేది, వచ్చే ట్రిప్పుకు చేయిద్దామని.

మొదటి బండి సూర్యాపేటలోనే చూశాం. బస్టాండు వెనక ఒక బ్రోకరు ఖాళీ జాగాలో పెట్టి ఉంచాడు. ఆకాశం రంగు పెయింటు కొత్తగా వేసి ఉంది. ముందు అద్దం మీద పసుపు బొట్లు, బంతిపూల దండ. చూడగానే మా ఆయన మొహం వెలిగింది.

"రెండు దినాల సంది స్టార్టే చెయ్యలె అన్నా," అన్నాడు బ్రోకరు. "ఒక్క సెల్ఫుకే పట్టుకుంటది, సూడు." అన్నట్టే ఒక్కసారికే ఇంజను అందుకుంది.

వాళ్లిద్దరూ క్యాబిన్‌లో గేర్ల సంగతి మాట్లాడుకుంటుంటే, ఇంజను ఆపాక నేను ముందుకు వెళ్లి బానెట్ మీద చెయ్యి పెట్టాను. ఏదో కనిపెడదామని కాదు. బడిలో పిల్లలు ఒంట్లో బాగాలేదంటే నుదురు ముట్టుకుని చూడటం అలవాటు, అంతే. చెయ్యి చురుక్కుమంది. నిమిషం కూడా నడవని ఇంజను అంత వేడి ఎలా అయింది? రెండు రోజులుగా ముట్టుకోని బండి రేకు, అదీ చింతచెట్టు నీడలో?

మా ఆయన దిగాక పక్కకు పిలిచి మెల్లగా చెప్పాను. ఆయన నన్ను ఒక క్షణం చూశాడు. తర్వాత బ్రోకరుతో, "చాయ్ తాగొస్తం. ఓ రెండు గంటలైనంక మళ్ల స్టార్ట్ చేద్దాం. గంతవరకు బండిని ముట్టకు," అన్నాడు. బ్రోకరు పని ఉందన్నాడు, ఇంకో పార్టీ వస్తోందన్నాడు. మేం ఎదురుగా హోటల్ బల్ల మీద, బండి కనపడేలా కూర్చున్నాం. రెండు గంటల తర్వాత సెల్ఫు ఏడ్చింది కాని ఇంజను లేవలేదు. హ్యాండిల్ వేసి తిప్పి తిప్పి, చివరికి నలుగురు తోస్తే లేచింది. వెనక నీలిరంగు పొగ మా మీదికే వచ్చింది. మేం వచ్చేముందే ఇంజనును వేడి చేసి పెట్టాడన్నమాట.

అంతటితో వచ్చేయొచ్చు. కాని ఆయన బండి కిందికి దూరాడు. గేర్ బాక్సు పక్కన ఉండే చిన్న బోల్టు విప్పి, వేలు లోపలికి పెట్టి తీసి నాకు చూపించాడు. నల్లటి ఆయిల్‌లో ఏవో సన్నటి పీచులు.

"రంపపు పొట్టు," అన్నాడు. "గేర్ల పండ్లు అరిగిపోతే గేర్ బాక్స్ మొత్తుకుంటది. పొట్టు పోస్తే ఓ నెల దినాలు సప్పుడు చెయ్యదు."

బ్రోకరు మాకు వినపడేలా, "కొనే మొహాలు కావు," అని గొణుక్కుంటూ పోయాడు. దారిలో ఆయన నా తెలివిని మెచ్చుకుంటూనే ఉన్నాడు. నాకు మాత్రం ఒక్కటే ఆలోచన. నేను చెయ్యి పెట్టకపోయి ఉంటే? ఆయనకు అంత తెలిసి కూడా, ఆ పూలదండ చూసి, సగం మనసు ఇచ్చేశాడు కదా. మనుషులు ఇంత చక్కగా దాచిపెడతారని తెలిశాక, కనపడని వాటి గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. ఆ వారమంతా బడిలో పిల్లలకు ఎక్కాలు చెబుతూ మధ్యలో మరిచిపోయేదాన్ని.

రెండో బండి కోదాడలో. ఆయన పాత లారీ స్నేహితుడు కబురు చెప్పాడు. శనివారం మధ్యాహ్నం బడి అయ్యాక బస్సులో వెళ్లాం. ఓనరు సొంతంగా రిపేరు షెడ్డు నడిపే మేస్త్రీ. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డవాడు, మాట మర్యాదగా ఉంది.

"నా చేత్తో ఇంజను దించి ఎక్కించానండి. మీరు ఎక్కడైనా విప్పి చూసుకోండి, అభ్యంతరం లేదు," అన్నాడు.

ఈసారి ముందే బానెట్ ముట్టుకున్నాను. చల్లగా ఉంది. ఒక్కసారికే స్టార్ట్ అయింది. పొగ లేదు. చక్రాలు పట్టుకుని ఊపితే ఆట లేదు, బిగుతుగానే ఉన్నాయి. మా ఆయన రేడియేటరు మూత తీసి చూశాడు, నీళ్లలో నూనె తెట్టె లేదు. బ్రేకు తొక్కించి నేను వెనక నిలబడి చూశాను. ఒక్కసారి కాదు, పదిసార్లు తొక్కించాను. మేస్త్రీ విసుక్కోలేదు.

తర్వాత ఆయన నడిపాడు. హుజూర్‌నగర్ రోడ్డు మీద రెండు మైళ్లు పోయి వచ్చాం. నేను పక్కన, మేస్త్రీ వెనక బాడీలో. ప్రమాదం తర్వాత మొదటిసారి బండి నడుపుతున్న మనిషి. నడుము నిటారుగా అయింది. నాకు సంతోషంగానే ఉంది, కాని నేను కింద జరిగేదే చూస్తూ కూర్చున్నాను. క్యాబిన్ ఇరుకు. సీటు వెనక్కి జరగదు. క్లచ్ మీదికి కాలు ఎత్తాలంటే మోకాలు వంగాలి, అది వంగదు. ఎడమ చేత్తో ప్యాంటు పట్టుకుని కాలిని లేపి పెడల్ మీద పెడుతున్నాడు, నేను చూడట్లేదనుకుని. పెడలేమో బిగుతుగా ఉంది. మొదటి రెండు మూడుసార్లు కిందిదాకా తొక్కాడు. తర్వాత సగమే తొక్కుతున్నాడు. గేరు వేసినప్పుడల్లా లోపల పళ్లు కర్రుమంటున్నాయి. చెవి దగ్గర నుంచి చెమట ధారగా కారుతోంది. అది చలికాలం.

షెడ్డు ముందు దిగి, "మంచిగుంది బండి. బయానా తీస్కో మేస్త్రీ," అని జేబులో చెయ్యి పెట్టాడు.

"వద్దు," అన్నాను.

ఇద్దరూ నన్ను చూశారు. షెడ్డులో పని చేసేవాళ్లు కూడా చూశారు.

"ఏమైందమ్మా? బండిలో ఏదైనా లోపం కనపడిందా?" అన్నాడు మేస్త్రీ.

"బండి మంచిదే. మాకు వద్దు."

"ఏవండీ, ఇంతసేపు చూసి మంచిదంటూనే వద్దంటే ఏం చెప్పను? బండి నడిపేది మీరా, ఆవిడా?" అన్నాడు ఆయనతో. తప్పుగా అనలేదు, నిజంగానే అర్థం కాక అన్నాడు. షెడ్డులో ఎవరో నవ్వారు.

మా ఆయన జేబులోంచి చెయ్యి తీసి నడక మొదలుపెట్టాడు. కుంటి కాలితో అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ఇంటికి వచ్చాక అన్నాడు, "మందిల నా ఇజ్జత్ తీసినవ్." నాలుగు రోజులు పిల్లల ద్వారానే మాట్లాడుకున్నాం. ఆ నాలుగు రోజులూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను: నేను వద్దన్నది క్లచ్ బిగుతు చూసా, లేక ఏ బండి అయినా వద్దనే అనుకున్నానా? నిజం చెప్పాలంటే ఆ వద్దు నా నోటి నుంచి వచ్చినప్పుడు నాకు ఊపిరి తేలికైంది. ఆ సంగతి ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉండేది.

ఐదో రోజు పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే ఆయనే మాట కలిపాడు.

"కిందిదాకా తొక్కుతలేనని సూసినవా?"

"సూసిన."

"సగం క్లచ్ మీద నడిపితే నెలకే ప్లేట్ కాలిపోతది. అది నాకు తెల్వదా? తెలుసు. కాని అప్పుడు గనక దిగి కాదంటే, ఇగ నేను డ్రైవర్ని కాదని ఖాయమైపోతదనిపించింది." మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు. "నాకూ భయమైతుంది. దిగుడు వచ్చినప్పుడల్లా బ్రేక్ తొక్కకముందే అది పడదనిపిస్తది. నీకు చెప్పలె."

బడి గంట వినిపిస్తోంది. అయినా నేను అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నాను. పెళ్లైన పదేళ్లలో ఆయన భయమన్న మాట అనడం అదే మొదలు. నేనూ నా సంగతి చెప్పాను, కోదాడలో ఊపిరి తేలికైన సంగతితో సహా. ఆయనకు కోపం రాలేదు. "సరే. ఇంకొక్కటి సూద్దాం. అది గూడ కాకుంటే ఇగ ఖతం, ఏదన్న కిరాణం దుకాణం పెట్టుకుంట," అన్నాడు.

ఆ ఇంకొక్కటి మిర్యాలగూడలో దొరికింది. సాగరు నీళ్లు వచ్చాక అక్కడ వరి పెరిగి, రైస్ మిల్లులు లేస్తున్న రోజులవి. ఒక మిల్లు సేటు కొత్త బండి తీసుకుని, పాత పికప్‌ను అమ్మకానికి పెట్టాడని తెలిసింది.

మిల్లు ఆవరణలో ఊక గుట్ట పక్కన ఉంది బండి. ఏ రంగో చెప్పలేనంత వెలిసిపోయింది. ఎడమ తలుపు మూత పడక కట్టుతీగతో కట్టి ఉంది. వెనక చెక్కలు రెండు లేవు. మా ఆయన నన్ను చూశాడు, వెళ్లిపోదామా అన్నట్టు. ఇంతలో ఊక దులుపుకుంటూ ఒక ముసలి డ్రైవరు వచ్చాడు. తెల్ల గడ్డం, ఖాకీ చొక్కా, చేతిలో బండి తాళం. సేటు కూడా గద్దె దిగి వచ్చి, "మంచి బండి, ఏ రంధీ లేదు," అన్నాడు.

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "రంధి లేకేం సేటు? సెకండ్ గేర్ దుంకుతది."

సేటు మొహం ముడుచుకుంది.

"ఎత్తు ఎక్కేటప్పుడు సెకండ్‌ల పెడితే, ఓ చెయ్యి గేర్ రాడ్డు మీద ఒత్తి పట్టుకోవాలె. లేకుంటే న్యూట్రల్‌ల వడ్తది," అన్నాడు ముసలాయన మా ఆయనతో. "ఎడమ పక్క ఎనక టైరు ఈ ఎండకాలం దాటదు. ఆయిల్ జర తాగుతది, ఎక్కువ కాదు. వానకాలం డైనమో తడిస్తే పరేషాన్ చేస్తది. ఇంజన్, బ్రేక్‌లు మాత్రం నా పానం లెక్క సూసుకున్న."

"ఇగ నువ్వు అమ్మనిస్తవా లేదా?" అన్నాడు సేటు.

"కొన్నంక దారిల ఏమన్న అయితే ఎవలను తిడతరు? మిమ్మల్నే కద," అన్నాడు ముసలాయన. సేటు విసురుగా లోపలికి వెళ్లిపోయాడు. కాని అమ్మనని అనలేదు.

మా ఆయన క్యాబిన్‌లోకి ఎక్కాడు. నేను కిందే నిలబడి చూస్తున్నాను. సీటు మామూలు కంటే వెనక్కి ఉంది, వీపు వెనక చెక్క పలక తీసేసి ఉంది. కాలు లేపడానికి ఆయన చెయ్యి వాడలేదు. చాపిన కాలు అలాగే పెడల్ మీదికి పోయింది. తొక్కాడు. మళ్లీ తొక్కాడు. తల తిప్పి నన్ను చూశాడు.

"గింత అల్కగున్నదేంది తాతా?"

"నాకు మోకాళ్ల నొప్పులు కొడుకా. మూడేండ్ల కింద మిల్లు ఫిట్టర్‌కు చెప్పి లోపలి లివర్ పొడుగు చేయించిన. పెడల్ ఎక్కువ దూరం పోతది గని, బరువుండదు. అడుగుదాకా తొక్కాలె, అది మాత్రం మరువకు. ఇప్పుడు గదీ అయితలేదు నాకు. గందుకే బండి ఇడుస్తున్న."

నాకు ఆశ కలిగింది. ఆశతో పాటు కంగారు కూడా. మంచి మాటలు విని మెత్తబడుతున్నానేమో. ఆ బ్రోకరు కూడా మంచిగానే మాట్లాడాడు.

"ఖాళీ బండి నడిపి చూస్తే ఏం తెలుస్తది?" అన్నాను. "బస్తాలేసి, ఎత్తు ఎక్కించి చూడాలె."

ముసలాయన నన్ను పరీక్షగా చూసి, "మంచి మాట బిడ్డా," అని, హమాలీలను పిలిచి పన్నెండు వడ్ల బస్తాలు వేయించాడు. ముగ్గురం ముందు కూర్చున్నాం, నేను మధ్యలో. గేరు రాడ్డు నా మోకాలికి తగులుతోంది. మూసీ వైపు రోడ్డు పట్టాం. అక్కడ వాగు దగ్గర లోతుగా దిగి మళ్లీ నిలువుగా ఎక్కే చోటు ఉంది.

దిగుడు కనపడగానే ఆయన మెడ నరం లేచింది. నేను కళ్లు మూసుకున్నాను, మళ్లీ తెరిచాను. బ్రేకు తొక్కాడు. బండి బుద్ధిగా నెమ్మదించి, ఒక పక్కకు లాగకుండా కిందికి దిగింది. ఎత్తు మొదలైంది. మూడు నుంచి రెండుకు మార్చాడు. సగం ఎక్కాక ఎదురుగా గొర్రెల మంద వచ్చింది. హారను కొట్టడానికి ఆయన గేరు రాడ్డు మీది నుంచి చెయ్యి తీశాడు. అంతే, రాడ్డు టక్కున దూకి నా మోకాలికి కొట్టింది. ఇంజను ఊరికే గీపెట్టింది. బండి నిలబడి, వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనక పన్నెండు బస్తాలు.

నేను అరిచానట. నాకు గుర్తు లేదు. ముసలాయన మాత్రం చేతులు కట్టుకుని అలాగే కూర్చున్నాడు. "బ్రేక్ ఉన్నది కొడుకా," అన్నాడు, చాయ్ ఉన్నదని చెప్పినట్టు.

ఆయన బ్రేకు తొక్కాడు. బండి ఆగింది. ఒక్క అంగుళం కూడా జారలేదు. హ్యాండ్ బ్రేకు లాగి, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. గొర్రెలు రెండు పక్కల నుంచి దాటిపోయాయి. వాటి కాపరి ఒకసారి లోపలికి తొంగి చూసి పోయాడు. దిగి నడుచుకుంటూ పోదామని నా నాలుక చివరిదాకా వచ్చింది.

కొంతసేపటికి ఆయన క్లచ్ అడుగుదాకా తొక్కాడు. మొదటి గేరు వేశాడు. లోపల కర్రుమనలేదు. ఎడమ కాలు కొద్దికొద్దిగా పైకి వదులుతూ, ఇంజను బరువు అందుకోగానే హ్యాండ్ బ్రేకు దించాడు. బండి వెనక్కి కదలకుండా ముందుకే కదిలింది. నాలుగు గజాలు పోయాక రెండో గేరు వేసి, "జర ఒత్తి పట్టు," అన్నాడు నాతో. నేను రెండు చేతులతో ఆ రాడ్డు పట్టుకున్నాను. దాని వణుకు భుజాల దాకా వచ్చింది. పైకి ఎక్కేదాకా వదల్లేదు.

పైన బండి ఆపి అడిగాడు, "ఏమంటవ్?"

ముసలాయన వైపు తిరిగి, "మీరైతే మీ కొడుక్కు ఈ బండి ఇస్తరా?" అని అడిగాను.

ఆయన గడ్డం గోక్కున్నాడు. "గేర్ బాక్స్ చేయించుకొమ్మని చెప్పి ఇస్త," అన్నాడు.

ఆ మాట మీద కొన్నాం. సేటు ముసలాయన మీద కోపంతోనే అయినా, ఆయన చెప్పిన లోపాలకు తగ్గట్టు ధర తగ్గించాడు. ఆ మరుసటి వారం కాగితాలయ్యాక బండిని సూర్యాపేట తెచ్చుకున్నాం. దారంతా నేను రాడ్డు పట్టుకునే కూర్చున్నాను. ఇంటికి వచ్చేసరికి చేతుల్లో సత్తువ లేదు, ఆ పూట పిల్లలకు ఆయనే అన్నం కలిపి పెట్టాడు.

గేర్ బాక్సు బాగుచేయించడానికి మొదటి మిరప సీజను దాకా ఆగాల్సి వచ్చింది. దానికి కోదాడ మేస్త్రీ దగ్గరికే వెళ్దామన్నాడు ఆయన. నాకు మొహం చెల్లలేదు, నేను పోలేదు. మేస్త్రీ పని బాగా చేసి ఇచ్చి, "ఆవిడ ఎందుకు వద్దన్నారో ఇప్పుడు తెలిసిందండి," అని కాలి వైపు చూసి అన్నాడట.

బండి వచ్చింది కదా అని నా గుబులు పోలేదు. తుంగతుర్తి పోయిన రోజు సాయంత్రం ఆరు దాటితే వాకిట్లోకి వచ్చి నిలబడేదాన్ని. ఒకసారి వానలో డైనమో తడిసి తిరుమలగిరి దగ్గర ఆగిపోయాడు. నేను బస్టాండుకు పోయి, అటు నుంచి వచ్చే ప్రతి బస్సు డ్రైవరునూ అడిగాను. మూడో బస్సు డ్రైవరు, "కుంటన్న కదా, బానెట్ లేపి తుడుస్తుండు, నవ్వుకుంటనే ఉన్నడు," అన్నాడు. నవ్వుకుంటున్నాడన్న మాటకు నాకు ఒళ్లు మండింది. ఆయన ఇంటికి వచ్చాక నేను రెండు రోజులు సరిగా మాట్లాడలేదు.

ఎనిమిదేళ్లు నడిచింది ఆ బండి. వంకాయలు, మిరపకాయలు, ఒక్కోసారి మేకలు, ఒక ఎండాకాలం వరుసగా పెళ్లి సామాన్లు. ఆత్మకూర్ నుంచి ఒక నిండు చూలాలిని దవాఖానకు తెస్తుంటే దారిలోనే కాన్పు అయింది, తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారు. ఆ తల్లి ఏటా కొత్త పంట రాగానే మాకు ఒక గంప కూరగాయలు పంపేది. ఆయన కిరాయి తీసుకోలేదని తర్వాత తెలిసింది. మా పెద్దమ్మాయి ఎనిమిదో తరగతికి వచ్చేసరికి స్పార్క్ ప్లగ్గు విప్పి తుడిచి పెట్టడం నేర్చుకుంది, నేను వద్దన్నా వినకుండా. ఆదివారాలు చర్చి అయ్యాక నలుగురం ఆ బండిలోనే ఊరి బయటికి పోయి, పొలాల గట్టు మీద కూర్చుని తెచ్చుకున్న అన్నాలు తిని వచ్చేవాళ్లం.